కేకు గిన్నెకు ఏల అంటుకొనును?

కోడిగ్రుడ్లు, వెన్న, పంచదార, మైదాపిండి తగిన పాళ్ళలో కలిపి, గంటకు పైగా శ్రమపడి కాల్చిన కేకును పళ్ళెములోనికి బోర్లించినప్పుడు సగము పళ్ళెములో పడి, తక్కిన సగము గిన్నె అడుగుననే నిలిచిపోవుట పెక్కు ఇండ్లలో జరుగుచుండును. రుచికి లోపము లేకపోయినను, పుట్టినరోజునాడు ముక్కలైన కేకును పదిమంది ఎదుట పెట్టుటకు ఎవరికిని మనసొప్పదు. గిన్నె మంచిది కాదని కొందరు, నెయ్యి చాలలేదని కొందరు, మంట ఎక్కువైనదని కొందరు కారణములు చెప్పుదురు. ఈ మూడు మాటలలోను కొంత నిజము కలదు. అయితే ఏ సందర్భమున ఏది నిజమో తెలియవలెనన్నచో, రెండు వస్తువులు ఒకదానినొకటి ఏల పట్టుకొనునో ముందుగా తెలిసికొనవలెను. ఆ సంగతి తెలిసినవారికి కొత్త గిన్నె కొనవలసిన అవసరము చాలవరకు తప్పును.

రెండు బలముల పోటీ

ఒకే పదార్థమునకు చెందిన అణువులు ఒకదానినొకటి ఆకర్షించుకొను బలమునకు సంసంజన బలమని పేరు. వేరువేరు పదార్థముల అణువుల నడుమ గల ఆకర్షణకు ఆసంజన బలమని పేరు. శుభ్రమైన గాజుపలకపై నీరు పోసినచో పలుచగా పరచుకొనును. పాదరసము పోసినచో గుండ్రని బిందువులై దొరలును. నీటికి గాజుతో గల ఆసంజనము బలమైనది. పాదరసమునకు తనలో తనకు గల సంసంజనమే బలమైనది. భౌతికశాస్త్ర పాఠములో విద్యార్థులు చదువుకొను ఈ విషయమే వంటయింటిలో కేకు భవితవ్యమును నిర్ణయించుచున్నది.

కవరుకు అంటించిన తపాలా బిళ్ళను పొడిగా నుండగా లాగినచో బిళ్ళ చిరుగును గాని ఊడదు. జిగురు పట్టు కాగితపు బలముకంటె ఎక్కువగుటయే దీనికి కారణము. దానినే నీటిలో నానబెట్టినచో జిగురు పట్టు సడలి బిళ్ళ చెక్కుచెదరక వచ్చును. లాగినప్పుడు ఏ వస్తువైనను అన్నిటికంటె బలహీనమైన చోటనే విడిపోవును. కేకు విషయమును ఇట్లే. గిన్నెకు కేకునకు నడుమ గల పట్టు, కేకులో కేకునకు గల పట్టుకంటె తక్కువైనప్పుడు కేకు సాంతముగా ఊడివచ్చును. ఎక్కువైనప్పుడు కేకు విరుగును. కావున కేకును క్షేమముగా తీయుటకు మార్గములు రెండే: గిన్నెతో గల పట్టును తగ్గించుట, కేకులోని పట్టును పెంచుట. ఈ వ్యాసములో చెప్పబోవు ఉపాయములన్నియు ఈ రెంటిలో ఏదో ఒక దానికి చెందినవే.

పిండి గిన్నెను పట్టుకొను విధము

కంటికి నునుపుగా కనిపించు లోహపు గిన్నెను సూక్ష్మదర్శినితో చూచినచో గుంటలు, గాడులు, గీతలు కనిపించును. కేకుపిండి గిన్నెలో పోయునప్పుడు జారుగా నుండి ఈ గుంటలలోనికి ప్రవేశించును. వేడి తగిలిన పిమ్మట అక్కడనే గట్టిపడును. ఇల్లు కట్టువారు కాంక్రీటు పోయుటకు ముందు అచ్చు పలకలకు నూనె పూయుట అందరును చూచియుందురు. నూనె పూయనిచో కాంక్రీటు పలక గరుకులో చిక్కుకొని గట్టిపడును. కేకు గిన్నెలో జరుగునదియు అదియే. గీతలు పడిన పాతగిన్నె ఎక్కువగా అంటుకొనుటకు ఇది మొదటి కారణము.

రెండవ కారణము అణువులకు సంబంధించినది. అల్యూమినియము గిన్నె ఉపరితలమున గాలిలోని ఆక్సిజను వలన ఏర్పడిన ఆక్సైడు పొర ఎల్లప్పుడును ఉండును. దాని మందము ఒక మిల్లీమీటరులో లక్షవ వంతు కంటెను తక్కువ. ఈ పొరపై ఆక్సిజను, హైడ్రోజను పరమాణువులు జంటలుగా నిలిచి, తమవంటి జంటలు గల ఇతర అణువులను ఆకర్షించును. మైదాలోని స్టార్చిలోను, పంచదారలోను అట్టి జంటలు విస్తారముగా కలవు. కోడిగ్రుడ్డులోని ప్రోటీనుల కథ వేరు. పచ్చిగ్రుడ్డులో ప్రోటీను అణువు దారపుఉండవలె ముడుచుకొనియుండును. 60 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన తరువాత ఆ ఉండ విచ్చుకొనుట మొదలగును. లోపల దాగియున్న భాగములు బయటపడి, ప్రక్కనున్న ప్రోటీనులతోను, గిన్నె లోహముతోను కూడ బంధములు ఏర్పరచుకొనును. గ్రుడ్డు పొరటు చేసిన మూకుడును తోమినవారికి ఈ బంధముల బలము చక్కగా తెలియును.

మూడవ కారణము పంచదార. కేకుపిండిలోని నీటిలో కరిగిన పంచదార, అడుగున నీరు ఆవిరైపోవుకొలది చిక్కని పాకమగును. ఆ పాకము చల్లారినచో గాజువలె బిగిసిపోవును. వేరుసెనగ అచ్చులు చేయువారు పళ్ళెమునకు నెయ్యి రాయకుండ పాకము పోయరు; గోరువెచ్చగా నుండగానే గాట్లు పెట్టుదురు. చల్లారిన తరువాత పళ్ళెమును, పాకమును విడదీయుట ఎంత కష్టమో వారికి అనుభవము. పైకి కనిపించకపోయినను ప్రతి కేకు అడుగునను పలుచని పాకపు పొర ఒకటి ఉన్నదని తలచవలెను. పండ్లముక్కలు, తేనె, బెల్లము వేసిన కేకులు ఎక్కువగా అంటుకొనుటకు కారణమిదియే.

నెయ్యి చేయు పని

గిన్నెకు రాసిన కొవ్వు పదార్థము పిండికి లోహమునకు నడుమ అడ్డుగోడగా నిలుచును. అది గుంటలను నింపి పిండిని లోనికి పోనీయదు. కొవ్వు అణువులకు నీటితోను, పంచదారతోను, స్టార్చితోను ఆకర్షణ తక్కువ. నీటి తలతన్యత 25 డిగ్రీల వద్ద సెంటీమీటరునకు సుమారు 72 డైనులు. వంటనూనెల తలతన్యత అందులో సగమునకు లోపే. ఇంతటి తేడా గల పదార్థములు ఒకదానితో నొకటి గట్టిగా కలిసి నిలువవు. అందువలన కొవ్వు పొర దగ్గర పట్టు బలహీనమగును.

అయినను అన్ని కొవ్వులును ఒకే విధముగా పనిచేయవు. నూనె పలుచనిది గనుక గిన్నె ప్రక్కల నిలువక అడుగునకు జారిపోవును. పిండిలోనికి కూడ కొంత చేరును. అడుగు బాగుగా ఊడివచ్చి అంచులు మాత్రము అంటుకొనుట నూనె పూసిన గిన్నెలలో తరచుగా కనిపించును. వెన్న నిలుచును గాని దానిలో కొవ్వు నూటికి 80 వంతుల ప్రాంతము మాత్రమే; తక్కినదానిలో నీరు 16 వంతుల వరకు ఉండును, పాలకు సంబంధించిన ప్రోటీనులు, చక్కెర కొద్దిగా ఉండును. ఆ ప్రోటీనులు, చక్కెర వేడికి మాడి తామే అంటుకొనగలవు. నెయ్యిలో నీరును, పాలపదార్థములును దాదాపు లేవు. పేరిన నెయ్యిని వ్రేలితోనో కాగితముతోనో అడుగునను, అంచులను, మూలలను విడువక పలుచగా రాయుట వెన్నకంటె మేలు.

నెయ్యి రాసిన తరువాత పొడిమైదా ఒక చెంచెడు చల్లి, గిన్నెను త్రిప్పుచు అంతటను అంటునట్లు చేసి, మిగిలినది దులిపివేయుట అనుభవజ్ఞుల పద్ధతి. ఈ పొడిపిండి కొవ్వును జారిపోకుండ పట్టి ఉంచును. పైగా పొడిగా నుండు ఆ రేణువులు ఒకదానితో నొకటి గట్టిగా అతుకుకొనవు గనుక, కేకునకు గిన్నెకు నడుమ బలములేని ఒక పొర ఏర్పడును. బోర్లించినప్పుడు విడిపోవలసిన చోటు అదియే. పిండిని దులుపుట మానినచో కేకు అడుగున తెల్లని అట్టకట్టును. కోకో వేసిన కేకులకు మైదాకు బదులు కోకోపొడి చల్లుట మంచిది; తెల్లమచ్చలు కనిపించవు.

లెసిథిన్ అను పదార్థము ఈ పనికి మరియొక సాధనము. ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు థియోడోర్ గోబ్లే దీనిని కోడిగ్రుడ్డు పచ్చసొననుండి వేరుచేసి, 1850లో దీనికి ఈ పేరు పెట్టెను. దీని అణువునకు ఒక కొస నీటిని, లోహమును ప్రేమించును. మరియొక కొస కొవ్వును ప్రేమించును. మొదటి కొసతో గిన్నెను పట్టుకొని, రెండవ కొసను పైకి నిలుపుటచేత లోహమునకు కొవ్వు తొడుగు వేసినట్లగును. నేడు అంగడిలో దొరకు చిమ్ముడు నూనెలలో సోయాచిక్కుడునుండి తీసిన లెసిథిన్ కలుపుదురు.

అడుగునకు కాగితము పరచుట అన్నిటికంటె నిశ్చయమైన పద్ధతి. సిలికోన్ పూత గల కాగితమైనచో కేకు అంటదు. బటర్ పేపరైనచో నెయ్యి రాసి పరచుట మంచిది. మైనపు పూత గల కాగితమును వాడరాదు. ఓవెను వేడికి మైనము కరిగి కేకులోనికి దిగును. వార్తాపత్రికలను వాడుట ఇంకను తగనిది. అచ్చుసిరాలోని పదార్థములు ఆహారమునకు అంటును.

వేడి, గిన్నె

కేకులను సామాన్యముగా 180 డిగ్రీల వేడిలో కాల్చుదురు. కాని కేకు లోపలి భాగము, నీరు ఉన్నంతవరకు, 100 డిగ్రీలను ఇంచుమించుగా మించదు. లోహమును తాకు పలుచని పొరలో మాత్రము నీరు త్వరగా పోవుటచేత వేడి ఇంకను పెరుగును. 140 డిగ్రీల ప్రాంతమున ప్రోటీనులు, చక్కెరలు కలిసి ఎఱ్ఱబారును. ఈ ఎఱ్ఱని పొర కొంతవరకు మేలే చేయును. అది గట్టిగా నుండి కేకునకు చర్మమువలె పనిచేయును. పెనము మీది దోసెను తొందరపడి తిప్పబోయినచో చినుగును. కొంతసేపు ఆగినచో అదే అంచులు లేచి అట్లకాడకు లొంగును. అడుగుపొర ఎండి సంసంజనము పెరుగుటయే దీని రహస్యము. అయితే వేడి మరియు ఎక్కువైనచో పంచదార మాడి నల్లని బంక అగును. అప్పుడు ఎంత నెయ్యి రాసినను ఫలితముండదు.

అల్యూమినియము స్టెయిన్‌లెస్ స్టీలుకంటె పది రెట్లకు మించి వేడిని ప్రసరింపజేయును. కావున అల్యూమినియము గిన్నెలో వేడి అంతటను సమముగా ప్రాకును. పలుచని స్టీలు గిన్నెలో మంట తగిలిన చోట మాడి, తక్కినచోట పచ్చిగా నుండును. ఓవెను లేని ఇండ్లలో ప్రెషర్ కుక్కరులో ఉప్పో ఇసుకో పొరగా పోసి, దానిమీద గిన్నె నుంచి, వెయిటును, రబ్బరు గాస్కెట్టును తీసివేసి కేకు కాల్చుట ఆంధ్రదేశమున వాడుకలో నున్నది. ఇందులో వేడి ముఖ్యముగా అడుగునుండియే వచ్చును. గిన్నె కుక్కరు అడుగును నేరుగా తాకకుండ చేయుట, వేడిని నలుదెసలకు పంచుట ఆ ఉప్పుపొర చేయు పని. ఈ పద్ధతిలో సన్నని మంట, అడుగున కాగితము తప్పనిసరి.

పది నిమిషముల ఓపిక

మంచి గిన్నె, మంచి నెయ్యి ఉండియు కేకు విరుగుటకు ఒక్క తొందరపాటు చాలును. పొయ్యినుండి దించిన క్షణమున కేకు మిక్కిలి మెత్తగా నుండును. ఉబ్బిన స్టార్చి ఇంకను గట్టిపడలేదు. లోపల ఆవిరి నిండియుండును. సంసంజన బలము ఆ సమయమున అత్యల్పము. పది నిమిషములు ఆగినచో కేకు కొంచెము గట్టిపడును. లోపలి ఆవిరి చల్లబడి కేకు కొద్దిగా కుంచించుకొని అంచులనుండి తానే దూరమగును. ఇడ్లీరేకులను దించినవెంటనే గీకక, రెండు నిమిషములు ఆగి తీయుట తెలిసినవారికి ఈ సూత్రము తెలిసినట్లే.

అట్లని గంటలకొలది వదలివేయుటయు మంచిది కాదు. అప్పుడు అడుగునున్న పాకము బిగిసిపోవును. నెయ్యి పేరుకొని గిన్నెకు కేకునకు నడుమ మైనమువలె పట్టును. లోపలి ఆవిరి గిన్నెగోడలపై నీరుగా మారి అడుగును తడిపి మెత్తబరచును. ఆసంజనము పెరుగును, సంసంజనము తరుగును. అట్టి కేకును తీయవలెనన్నచో గిన్నె అడుగును కొద్ది క్షణములు సన్నని సెగకు చూపిన చాలును. నెయ్యి కరగి, పాకము సడలి, కేకు కదలును.

అంటుకొనుటయే కావలసిన కేకు

అమెరికాలో ప్రసిద్ధమైన ఏంజెల్ ఫుడ్ అను కేకును కోడిగ్రుడ్డు తెల్లసొన నురుగుతో చేయుదురు. దీనిని పోయు గిన్నెకు నెయ్యి రాయుట నిషిద్ధము. ఆ నురుగు చాల తేలికైనది. తన బరువును తానే మోయజాలదు. గోడను పట్టుకొనుచు ప్రాకు తీగవలె అది గిన్నె ప్రక్కలను పట్టుకొని పైకి లేచును. నెయ్యి రాసినచో పట్టు దొరకక క్రిందికి జారును. కొవ్వు తగిలిన చోట నురుగు విరుగును కూడ. కాలిన తరువాత గిన్నెను తలక్రిందులుగా వ్రేలాడదీసి చల్లార్చుదురు. గిన్నెకు అంటుకొనియుండుట వలననే అది క్రింద పడక, అణగిపోక, ఆకారము నిలుపుకొనును. పూర్తిగా చల్లారి బలము వచ్చిన పిదప అంచుల వెంబడి సన్నని కత్తి నడిపి తీయుదురు. ఆసంజనము శత్రువో మిత్రమో నిర్ణయించునది చేయబోవు పనియే అని దీనివలన తెలియుచున్నది.

టెఫ్లాన్ పూత

1938 ఏప్రిల్ 6వ తేదీన అమెరికాలోని న్యూజెర్సీలో, డ్యూపాంట్ సంస్థ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు శీతలీకరణ వాయువులను గురించి పరిశోధించుచుండెను. టెట్రాఫ్లోరోఇథిలీన్ వాయువు నింపిన సిలిండరు ఒకటి తెరువగా వాయువు రాలేదు. సిలిండరు బరువు మాత్రము తగ్గలేదు. దానిని కోసి చూడగా లోపల మైనమువంటి తెల్లని పొడి కనిపించెను. వాయువు అణువులు ఒకదానితో నొకటి కలిసి పొడవైన గొలుసులైనవి. దానికే తరువాత టెఫ్లాన్ అను పేరు వచ్చెను. ఆ గొలుసులో కార్బను పరమాణువులను ఫ్లోరీను పరమాణువులు అన్ని వైపుల కప్పియుండును. ఆ బంధములు మిక్కిలి బలమైనవి గనుక ఇతర అణువులతో కలియుటకు టెఫ్లానుకు ఆసక్తి ఉండదు. 1954లో ఫ్రాన్సు దేశీయుడు మార్క్ గ్రెగ్వార్ దీనిని అల్యూమినియము పాత్రకు అతికించు విధమును కనుగొనెను. 1956లో టెఫాల్ సంస్థ స్థాపితమయ్యెను.

దేనికిని అంటని టెఫ్లాను గిన్నెకు మాత్రము ఎట్లు అంటుకొనెను? అల్యూమినియమును ఆమ్లముతో గరుకు చేసి, ఆ సూక్ష్మమైన గుంటలలో టెఫ్లాను చిక్కుకొనునట్లు చేయుదురు. కేకు గిన్నెను పట్టుకొను మొదటి కారణమే ఇక్కడ ఉపాయమైనది.

ఈ పూత గల గిన్నెలను ఉక్కు చెంచాలతో గీకరాదు, పీచుతో గట్టిగా తోమరాదు. 180 డిగ్రీల వద్ద కేకు కాల్చుటవలన పూతకు హాని లేదు. 260 డిగ్రీలు దాటకుండ చూచుకొనవలెను. ఖాళీ పాత్రను పెద్దమంటపై వదలినచో కొద్ది నిమిషములలో ఆ హద్దు దాటును. వేడి మరియు పెరిగినప్పుడు విషవాయువులు వెలువడును. వాటివలన మనుష్యులకు జ్వరము రాగలదు. పంజరములోని పక్షులు చనిపోగలవు. పూర్వము ఈ పూతల తయారీలో వాడిన పీఎఫ్‌ఓఏ అను ఆమ్లమును 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందము నిషేధించదగిన పదార్థములలో చేర్చెను. 2023లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ దానిని మానవులకు క్యాన్సరు కలిగించు పదార్థముగా నిర్ణయించెను. అది తయారీకి సంబంధించిన పదార్థము. దానిని, టెఫ్లానును ఒకటిగా భావింపరాదు. పూత గల గిన్నె సౌకర్యమే గాని, నెయ్యి, పిండి, కాగితము ఉన్న ఇంటిలో అది అనివార్యము కాదు.

పాఠశాలలో చేయదగిన ప్రయోగము

ఒకే పరిమాణము గల నాలుగు చిన్న అల్యూమినియము గిన్నెలు తీసికొనవలెను. మొదటిదానికి ఏమియు రాయరాదు. రెండవదానికి నూనె, మూడవదానికి నెయ్యి, నాలుగవదానికి నెయ్యి, దానిమీద పొడిమైదా పూయవలెను. పూత పూసిన తరువాత ఒక్కొక్క గిన్నెను గ్రాములో పదవ వంతు వరకు తూచి వ్రాసికొనవలెను. అన్నిటిలోను ఒకే పిండిని 50 గ్రాముల చొప్పున పోసి, ఒకేసారి, ఒకే వేడిలో కాల్చవలెను. దించిన పది నిమిషములకు బోర్లించి, గిన్నెలను మరల తూచవలెను. రెండు తూకముల తేడా గిన్నెలో మిగిలిన కేకు బరువును ఇంచుమించుగా తెలుపును. మరియొకనాడు నాలుగు గిన్నెలకును నెయ్యి మాత్రమే రాసి, దించిన వెంటనే ఒకటి, పది నిమిషములకు ఒకటి, అరగంటకు ఒకటి, రెండు గంటలకు ఒకటి బోర్లించి చూడవలెను. మొదటి ప్రయోగములో మారినది పూత. రెండవదానిలో మారినది కాలము. ఒక పర్యాయము ఒక్క అంశమునే మార్చవలెనను నియమమును విద్యార్థులు దీనివలన చేతితో నేర్చుకొందురు. వేడిగిన్నెలను ఉపాధ్యాయుని సమక్షముననే, మందపు గుడ్డతో పట్టుకొనవలెను.

ఓవెను లేని పాఠశాలలో రెండు స్టీలు పళ్ళెములు చాలును. ఒకదానిని సబ్బుతో శుభ్రముగా కడిగి ఆరబెట్టి, రెండవదానికి నెయ్యి పలుచగా రాసి, రెండింటిమీదను ఒక్కొక్క నీటిచుక్క వేసి చూడవలెను. శుభ్రమైన పళ్ళెముపై చుక్క పరచుకొనును. నెయ్యి రాసినదానిపై గుండ్రముగా నిలుచును. ఏ పళ్ళెములో కేకు అంటునో, ఏ పళ్ళెములో అంటదో ఆ చుక్కను చూచియే విద్యార్థులు చెప్పగలరు.

కేకు విరిగిన ఇంటిలో దోషము సామాన్యముగా గిన్నె మీదను, వండినవారి చేతి మీదను పడును. అంచులు అంటుకొన్నవా, అడుగు అంటుకొన్నదా, మాడినదా, మెత్తబడి విరిగినదా అని గిన్నెను ఒక్కసారి పరీక్షించినచో అసలు కారణము కనిపించును. అంచులు అంటినచో నూనెకు బదులు పేరిన నెయ్యి, పిండి. అడుగు మాడినచో సన్నని సెగ, కాగితము. నడుమ విరిగినచో పది నిమిషముల ఓపిక. గిన్నెలో మిగిలిన సగము కేకే తరువాతి కేకునకు పాఠము చెప్పును.